సరఫరాదారులకు నియమావళి రాసే ముందు మీ బిల్లుల ఫైలు తెరవండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీది తల్లీబిడ్డల కోసం పనిచేసే చిన్న సేవా సంస్థ. జీతం తీసుకునేవాళ్లు ఇద్దరే, మిగతా అందరూ వాలంటీర్లు. ఒక పెద్ద దాత "మీకు సరుకు అమ్మేవాళ్లు పాటించాల్సిన నైతిక, పర్యావరణ ప్రమాణాలు ఏవైనా ఉన్నాయా, ఉంటే పత్రం పంపండి" అన్నారు. మీరు ఒక అంతర్జాతీయ సంస్థ నలభై పేజీల నియమావళిని డౌన్‌లోడ్ చేశారు. పేరు మార్చి మనం వాడుకోవచ్చా అని అడుగుతున్నారు.

వాడుకోవచ్చు, ఎవరూ అడ్డు చెప్పరు. దాత కూడా ఫారంలో ఒక టిక్కు పెట్టుకుని ఊరుకోవచ్చు. చిక్కు వచ్చే ఏడాది మొదలవుతుంది. ఎవరో నిజంగానే చదివి, "ప్రతి ఫ్యాక్టరీనీ ఏటా తనిఖీ చేస్తామని రాశారు కదా, ఆ నివేదికలు చూపించండి" అంటారు. చెయ్యని పని చేస్తున్నామని రాసుకున్న కాగితం కంటే అసలు కాగితం లేకపోవడమే నయం.

సహాయ సంస్థలకు సరుకు కొనే పనిలో ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాను. మొదట్లో నేనూ సరిగ్గా మీరు చేయబోతున్న పనే చేశాను. ఒక లావుపాటి నియమావళిని సరఫరాదారులందరికీ పంపాను. రెండు రోజుల్లో అందరూ సంతకాలు పెట్టి తిప్పి పంపేశారు. అంత తొందరగా వచ్చాయంటేనే ఎవరూ చదవలేదని నాకు తట్టాల్సింది. మా ఫోటోకాపీ మిషన్ బాగుచేసే ఆయన కూడా సంతకం పెట్టాడు. అందులో ఓడల ఉద్గారాల మీద ఒకటిన్నర పేజీ ఉంది పాపం.

కాబట్టి ముందు పత్రం పక్కన పెట్టి, గత ఏడాది చెల్లింపుల ఖాతా తీయండి. ఎవరికి ఎంత ఇచ్చారో పెద్ద మొత్తం నుంచి చిన్న మొత్తానికి వరుసగా రాసుకోండి. మీలాంటి సంస్థల్లో ఖర్చులో ఎక్కువ భాగం నాలుగైదు రకాల సరుకుల మీదే ఉంటుంది: బట్టలు, దుప్పట్లు, ప్రింటింగ్, రవాణా, కంప్యూటర్లు ఇలాంటివి. ప్రతి పేరు పక్కన ఇంకో ప్రశ్న వేసుకోండి: ఈ వస్తువు తయారయ్యే చోట మనుషులకో నేలకో హాని జరిగే అవకాశం ఎంత? చేతిపని ఎక్కువగా ఉండి, కాంట్రాక్టు కూలీల మీద, వలస కార్మికుల మీద నడిచే పనైతే అవకాశం ఎక్కువ. పత్తి, కలప, తోలు, పామాయిల్, ఎలక్ట్రానిక్స్‌లో వాడే తగరం, టాంటలం లాంటి ఖనిజాలు ఉన్న సరుకులకు చిక్కులు ముడిసరుకు దగ్గరే మొదలవుతాయి. డబ్బూ ఎక్కువై, ప్రమాదమూ ఎక్కువైన ఐదారు పేర్లు తేలతాయి. మొదటి ఏడాది మీ శ్రమంతా వాళ్ల మీదే పెట్టండి. పెన్నులూ స్టేప్లర్ పిన్నులూ ఎక్కడివని ఇప్పుడే టెన్షన్ పడొద్దు.

ఈ లెక్క వేసేటప్పుడు చాలామంది మరిచిపోయేది సేవలు. మీ ఆఫీసు ఊడ్చేవాళ్లు, గేటు దగ్గర కాపలా ఉండేవాళ్లు, గోడౌన్లో మూటలు మోసేవాళ్లు ఏదో ఏజెన్సీ ద్వారా వచ్చి ఉంటారు. ఎక్కడో దూరాన పత్తి చేలో ఏం జరుగుతుందో అని బాధపడతాం గానీ, మన గేటు దగ్గర నిలబడ్డ మనిషి రోజుకు పన్నెండు గంటలు చేస్తున్నాడా, వారానికి ఒక సెలవైనా దొరుకుతోందా అని అడగం. ఉద్యోగం ఇప్పించడానికి కార్మికుడి దగ్గర డబ్బు తీసుకోకూడదు, ఆ ఖర్చు యజమానిదే అన్నది అంతర్జాతీయ కార్మిక సంస్థ సూత్రం. ఆ డబ్బు అప్పుగా మారి, అప్పు తీరేదాకా పని వదిలి వెళ్లలేని స్థితి వస్తే దాన్నే వెట్టి అంటాం. 2021 నాటికి ప్రపంచంలో 2 కోట్ల 76 లక్షల మంది బలవంతపు చాకిరీలో ఉన్నారని అదే సంస్థ అంచనా. మీ సంస్థ మొత్తానికి ఒక్క ప్రశ్నే అడిగే ఓపిక ఉంటే, "ఈ పనిలో చేరడానికి మీరు ఎవరికైనా డబ్బు కట్టారా?" అన్నది అడగండి.

ఇక ప్రమాణాల సంగతి. వీటిని మీరు కొత్తగా కనిపెట్టక్కర్లేదు. పెద్ద సంస్థల నియమావళులన్నీ తిప్పి తిప్పి చెప్పేది అంతర్జాతీయ కార్మిక సంస్థ మౌలిక ఒప్పందాలనే. బలవంతపు పని వద్దు, పిల్లలతో పని వద్దు, వివక్ష వద్దు, సంఘం పెట్టుకునే హక్కు ఉండాలి. ఈ నాలుగూ ఆ సంస్థ 1998లో చేసిన ప్రకటనలో ఉన్నాయి. ఐదోదిగా సురక్షితమైన పని పరిస్థితులను 2022లో చేర్చారు. అదే 1998లో బ్రిటన్‌లో కంపెనీలు, కార్మిక సంఘాలు, స్వచ్ఛంద సంస్థలు కలిసి ఎథికల్ ట్రేడింగ్ ఇనిషియేటివ్ అని ఒకటి పెట్టాయి. దాని మూల నియమావళిలో ఉన్నవి తొమ్మిదే అంశాలు, అంతా కలిపి కొద్ది పేజీలే. మామూలు పని వారానికి 48 గంటలు దాటకూడదు, ఓవర్‌టైమ్ ఇష్టపూర్వకంగానే ఉండాలి, ఏడు రోజుల్లో ఒక రోజు సెలవు ఉండాలి లాంటి కొలవగలిగే మాటలు అందులో ఉన్నాయి. సరిపోల్చి చూసుకోవడానికి నలభై పేజీలకంటే ఇది వెయ్యి రెట్లు మెరుగు. జీతం విషయంలో మాత్రం ఒక మాట. చట్టం చెప్పిన కనీస వేతనం వేరు, ఇల్లు గడిచే వేతనం వేరు. మీ చిన్న ఆర్డరుతో రెండోది సాధిస్తానని కాగితం మీద మాట ఇవ్వకండి. మొదటిది తప్పనిసరి అని, రెండోదాని వైపు అడుగులు వేసేవాళ్లకు ప్రాధాన్యం ఇస్తామని రాయండి. అది మీరు నిలబెట్టుకోగల మాట.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. ఈ పనిలో నాకు బుద్ధి వచ్చిన సంఘటన ఒకటుంది.

ఒక ప్రచార కార్యక్రమానికి టీషర్టులు ఆర్డర్ చేశాం. సరఫరాదారు మంచివాడు. యూనిట్ చూశాను, రిజిస్టర్లు చూశాను, ఏ లోపమూ లేదు. ఆరు వారాల గడువు ఇచ్చాం. నాలుగో వారంలో మా వాళ్లు లోగో రంగు మార్చారు. ఐదో వారంలో ఒక స్పాన్సర్ పేరు చేర్చాలన్నారు. దానికి ఆమోదం ఇవ్వడానికి ఇంకో నాలుగు రోజులు తీసుకున్నారు. కార్యక్రమం తేదీ మాత్రం మారలేదు. సరుకు సరిగ్గా సమయానికి వచ్చింది. మేమంతా ఆయన్ని మెచ్చుకున్నాం. కొన్ని నెలల తర్వాత వేరే పని మీద అక్కడికి వెళ్తే, కుట్టుపని చేసే ఒకావిడ మాటల మధ్యలో అంది: "మీ చొక్కాలకేనండీ, మూడు రాత్రులు ఇంటికి పోలేదు." కొన్ని మూటలు బయట ఎవరి ఇళ్లకో కూడా వెళ్లాయి. అక్కడ ఎవరు కుట్టారో యజమానికీ సరిగ్గా తెలీదు. మా నియమావళిలోని మూడు నిబంధనలు ఒకే ఆర్డరులో గాలికి పోయాయి. పోయేలా చేసింది మేమే. ఆ మీద బిల్లు చెల్లించడానికి మా అకౌంట్స్ వాళ్లు డెబ్బై రోజులు తీసుకున్నారు. అప్పు తెచ్చి జీతాలు ఇచ్చానని ఆయన చెప్తుంటే తల ఎత్తలేకపోయాను.

ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి 2011లో వ్యాపారాలకూ మానవ హక్కులకూ సంబంధించిన మార్గదర్శక సూత్రాలను ఆమోదించింది. హాని మనమే చేయడం, ఇంకొకరు చేసే హానికి మనం తోడవడం, మన ప్రమేయం లేకపోయినా మన సరుకుతో ఆ హానికి సంబంధం ఉండటం అని అందులో మూడు రకాలుగా విడదీశారు. వాటి మీద ఐరాస మానవ హక్కుల కార్యాలయం వేసిన వివరణ పుస్తకంలో రెండో రకానికి ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి చదివి ఉలిక్కిపడ్డాను. గడువూ ధరా మార్చకుండా చివరి నిమిషంలో సరుకు వివరాలు మార్చి, సరఫరాదారు కార్మిక నిబంధనలు తప్పేలా నెట్టడం. అచ్చం మా కథే. తిలా పాపం తలా పిడికెడు అంటారు కదా, అందులో మా పిడికెడు ఎంతో అప్పుడు తెలిసింది.

అందుకే ఎవరు నన్ను నియమావళి రాసిపెట్టమన్నా మొదటి పేజీ కొనేవాళ్ల గురించే రాస్తాను. ఆర్డర్ ఖరారయ్యాక డిజైన్ మారిస్తే గడువు కూడా అన్ని రోజులూ జరుపుతాం. సరుకు అందిన ముప్పై రోజుల్లో డబ్బు చెల్లిస్తాం. చిన్న తయారీదారులకు ముడిసరుకు కోసం కొంత అడ్వాన్స్ ఇస్తాం. కనీస వేతనం లెక్క వేసినా గిట్టని ధరకు ఎవరైనా కొటేషన్ ఇస్తే, చౌకగా వచ్చిందని సంబరపడకుండా ఎలా గిడుతుందో అడుగుతాం. ఈ చివరిది ముఖ్యం. నలుగురు ఒక ధర చెప్పి ఐదోవాడు దానిలో సగం చెప్పాడంటే, ఆ మిగతా సగం ఎక్కడో ఎవరి కూలీలోంచో పోతోంది. "దాతల డబ్బు, ఒక్క పైసా కూడా వృథా కాకూడదు" అని మీ ట్రస్టీల్లో ఎవరో అంటారు. న్యాయమైన మాటే. కానీ ఒకరి కష్టం తీర్చడానికి ఇచ్చిన డబ్బుతో ఇంకొకరి కష్టాన్ని చౌకగా కొనమని ఏ దాతా చెప్పలేదు. ఆ సంభాషణ ఆర్డర్ పెట్టే రోజు కాకుండా, ముందే ట్రస్టీల సమావేశంలో ముగించుకోండి.

సర్టిఫికెట్ల గురించి అడిగారు. సర్టిఫికెట్ ఉంటే చాలు కదా అని. చాలదు. 2012 సెప్టెంబర్‌లో కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీ తగలబడి 250 మందికి పైగా చనిపోయారు. కిటికీలకు ఊచలు, మూసి ఉన్న దారులు. ఆ ఫ్యాక్టరీకి అంతకు కొద్ది వారాల ముందే, పని పరిస్థితులకు ఎంతో పేరున్న ఎస్‌ఏ 8000 సర్టిఫికెట్ వచ్చింది. మరుసటి ఏడాది ఏప్రిల్ 24న ఢాకా దగ్గర బట్టల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా అనే భవనం కూలి 1,134 మంది చనిపోయారు. ముందురోజే గోడలు బీటలిచ్చాయి. కింది అంతస్తులోని బ్యాంకు తన ఉద్యోగుల్ని ఇంటికి పంపేసింది, పై అంతస్తుల్లో కుట్టుపని వాళ్లను మాత్రం లోపలికి రమ్మన్నారు. ఆ భవనంలోని ఫ్యాక్టరీల్లో కొన్నింటికి అంతకుముందు సామాజిక ఆడిట్లు, అంటే పని పరిస్థితుల తనిఖీలు, జరిగాయి కూడా. భవనం బలం చూడటం ఆ ఆడిట్ల పని కాదు, అంతే. అంటే ఆడిట్ అనేది ఒక రోజు, కొన్ని ప్రశ్నలకు, చెప్పి వచ్చిన మనిషికి దొరికిన జవాబు. అంతకు మించి దాన్ని నమ్మకండి.

అయినా సర్టిఫికెట్లు పనికిరావని నేను అనను. ఏది ఏం చెప్తుందో తెలిస్తే పనికొస్తాయి. ఎఫ్‌ఎస్‌సీ గుర్తు కాగితం, కలప ఎక్కడినుంచి వచ్చాయో చెప్తుంది. అందులోనూ మూడు రకాలున్నాయి. 100 శాతం అన్నది ధ్రువీకరించిన అడవుల నుంచి వచ్చినది, రీసైకిల్డ్ అన్నది వాడేసిన కాగితం నుంచి చేసినది, మిక్స్ అన్నది కలగలుపు. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 అంటే బట్టలో హానికర రసాయనాలు పరిమితి దాటలేదని పరీక్షించారని అర్థం. ఆ బట్ట కుట్టినవాళ్లకు జీతం ఇచ్చారో లేదో అది చెప్పదు. సేంద్రియ బట్టలకు ఇచ్చే జీఓటీఎస్ అయితే కనీసం 70 శాతం సేంద్రియ నూలు ఉండాలంటుంది, పని పరిస్థితులూ చూస్తుంది. ఐఎస్‌ఓ 14001 చూపించి "మాది పర్యావరణ హితమైన కంపెనీ" అనేవాళ్లు కోకొల్లలు. అది పర్యావరణ విషయాలను చూసుకోవడానికి కంపెనీలో ఒక పద్ధతి ఉందని మాత్రమే చెప్తుంది, పొగ తక్కువ వదులుతోందని కాదు. ఇక "మేము సెడెక్స్ సభ్యులం" అంటే సమాచారం పంచుకునే ఒక వేదికలో చేరారని అర్థం. చేరితే పాసైనట్టు కాదు. ఎవరైనా సర్టిఫికెట్ పంపితే నేను చూసేవి మూడు: దాని మీదున్న చిరునామా నా సరుకు తయారయ్యే చోటిదేనా, గడువు తీరలేదు కదా, ఇచ్చిన సంస్థ వెబ్‌సైట్లో ఆ నంబరు కనిపిస్తోందా. ఈ మూడు నిమిషాల పనితోనే ఎన్ని బోల్తా పడ్డాయో లెక్కలేదు. ఎక్కువసార్లు తేడా వచ్చేది చిరునామాలోనే. సర్టిఫికెట్ హెడ్డాఫీసుది, కుట్టేది ఎక్కడో వెనక షెడ్డులో.

వీలైతే స్వయంగా వెళ్లండి. మీకు ఆడిటర్ డిగ్రీ అక్కర్లేదు. అత్యవసర ద్వారం దగ్గరికి నడిచి తలుపు తోసి చూడండి. తాళం వేసి ఉన్నా, ముందు మూటలు పేర్చి ఉన్నా మిగతా ఫైళ్లు చూడక్కర్లేదు. మరుగుదొడ్డి చూడండి, తాగునీరు ఎక్కడుందో చూడండి. జీతాల రిజిస్టర్ తీయమనండి. నెలంతా అందరి సంతకాలూ ఒకే చేతిరాతలో, ఒకే పెన్నుతో ఉంటే అది ఒక రాత్రి కూర్చుని రాసింది. హాజరు పట్టీ ప్రకారం ఆదివారం సెలవు అయినా, గేటు దగ్గర సరుకు బయటికి వెళ్లిన పుస్తకంలో ఆదివారం ఎంట్రీలు ఉంటాయి. అబద్ధం రాసేవాళ్లు ఒక పుస్తకం మారుస్తారు, అన్నీ మార్చాలని తోచదు. యజమాని పక్కన ఉండగా కార్మికులను ప్రశ్నలు అడగకండి. మీరు వెళ్లిపోయాక ఆ జవాబుకు వాళ్లు ఏం అనుభవిస్తారో మీకు తెలీదు.

చిన్న తయారీదారుల విషయంలో మాత్రం కాస్త జాగ్రత్త. పదిమంది కలిసి నడుపుకునే యూనిట్‌కు సర్టిఫికెట్ ఖర్చే ఏడాది లాభం కావచ్చు. "సర్టిఫికెట్ తప్పనిసరి" అని రాశారంటే వాళ్లను గేటు బయటే నిలబెట్టి, కాగితాలు పేర్చగలిగిన పెద్దవాళ్లకు తలుపు తీసినట్టే. ఇలాంటివాళ్లకు నేను ఒక పేజీ స్వీయ ప్రకటన, ఒక సందర్శన, ఇద్దరు పాత కొనుగోలుదారులతో ఫోన్ మాట్లాడటం సరిపెడతాను. లోపం కనిపిస్తే సరిచేసుకోవడానికి ఆరు నెలలు ఇస్తాను. పిల్లలు పనిలో ఉండటం, వెట్టి, ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం, ఈ మూడింటికి మాత్రం ఆ వెసులుబాటు లేదు.

పర్యావరణం దగ్గరికి వస్తే, అందరూ ఏది కొనాలి అని అడుగుతారు. కొనాలా అని అడిగేవాళ్లు తక్కువ. మీ జాబితాలోని బట్టల్లో టీషర్టులనే తీసుకోండి. ఒక నూలు టీషర్టుకు కావాల్సిన పత్తి పండించడం నుంచి లెక్కేస్తే సుమారు 2,700 లీటర్ల నీరు ఖర్చవుతుందని తరచూ చెప్పే అంచనా. ఒక్క పూట తొడిగి మూలన పడేసే చొక్కాకు సేంద్రియ పత్తి వాడారా లేదా అని తర్జనభర్జన పడటం నాకు నవ్వు తెప్పిస్తుంది. తేదీ, సంవత్సరం ముద్రించకండి, వచ్చే ఏడాదికీ పనికొస్తాయి. నా దృష్టిలో మీరు చేయగల అతి పెద్ద పర్యావరణ పని అదే.

తర్వాత మన్నిక. సహాయ శిబిరాల్లో పంచే టార్పాలిన్లు, దుప్పట్లు, దీపాలు నాసిరకమైతే కొద్ది నెలలకే చెత్తవుతాయి. ఆ చెత్త మీ ఆఫీసులో ఉండదు, మీరు సాయం చేసిన వాళ్ల ఇంటి ముందు ఉంటుంది. సోలార్ లాంతర్లు ఇచ్చేటప్పుడు బ్యాటరీ మార్చడానికి వీలుందా, విడిభాగాలు దొరుకుతాయా, పాడైన బ్యాటరీ ఎవరు వెనక్కి తీసుకుంటారు అన్నవి కొటేషన్‌లోనే అడగండి. కొన్న ధర ఒక్కటే చూడకుండా, వాడే కాలమంతా అయ్యే కరెంటు, మరమ్మతు, చివరికి పారేసే ఖర్చు కూడా కలిపి లెక్క వేస్తే, చౌకగా కనిపించింది ఖరీదైనదని చాలాసార్లు తేలుతుంది. ఈ లెక్క ట్రస్టీలకు బాగా ఎక్కుతుంది, ఎందుకంటే అది డబ్బు భాషలో ఉంటుంది.

"బయోడిగ్రేడబుల్" అన్న మాట చూసి మోసపోకండి. ఎక్కడ, ఎన్ని రోజుల్లో, ఏ వేడిలో కరుగుతుందో చెప్పకపోతే ఆ మాటకు అర్థం లేదు. మొక్కల పిండిపదార్థం నుంచి చేసే, కంపోస్ట్ అవుతుందనే పీఎల్‌ఏ ప్లాస్టిక్‌కు పారిశ్రామిక కంపోస్ట్ కేంద్రంలో ఉండే సుమారు 58 డిగ్రీల వేడి కావాలి. పెరట్లో పాతిపెడితే అలాగే ఉంటుంది. త్వరగా విరిగిపోయేలా రసాయనం కలిపిన ఆక్సో రకం ప్లాస్టిక్ కరగదు, చిన్న చిన్న ముక్కలై కనపడకుండా పోతుంది, అంతే. యూరోపియన్ యూనియన్ 2019 చట్టంలో దాన్ని నిషేధించింది. సరఫరాదారు సంచుల మీద ఆకుపచ్చ ఆకు బొమ్మ వేసి పంపితే, ఏ ప్రమాణం ప్రకారం పరీక్షించారో నంబరు అడగండి. జవాబు రాకపోవడమే జవాబు. ప్యాకింగ్ విషయంలో ఇంకా సులువైనది ఒకటుంది: ఒక్కో వస్తువుకు విడివిడిగా ప్లాస్టిక్ కవర్ వద్దు, పెద్ద పెట్టె లోపల ఒకే పెద్ద కవర్ (లైనర్) చాలు అని పర్చేజ్ ఆర్డర్‌లో రాయండి. సాధారణంగా ఎవరూ కాదనరు, వాళ్లకూ ఖర్చు తగ్గుతుంది.

రవాణాలో తేడా ఇంకా పెద్దది. ఒక టన్ను సరుకును అంతే దూరం విమానంలో పంపితే ఓడ కంటే పదుల రెట్లు ఎక్కువ కర్బన ఉద్గారాలు వస్తాయి. ప్రాణం మీదికి వచ్చిన మందుల్ని విమానంలో పంపాల్సిందే, దాని గురించి అపరాధభావం వద్దు. కానీ మన ప్లానింగ్ ఆలస్యమై విమానం ఎక్కిన బ్యానర్లు నేను చూశాను. ఇక్కడా టీషర్టుల కథే. కొనేవాడి బద్ధకం మనిషి మీద పడితే రాత్రి షిఫ్ట్ అవుతుంది, గాలి మీద పడితే పొగ అవుతుంది.

సేవా సంస్థలకే ప్రత్యేకమైనవి రెండు మూడు ఉన్నాయి, అవి మామూలు కంపెనీల నియమావళుల్లో ఉండవు. మీరు తల్లీబిడ్డల కోసం పనిచేస్తారు కాబట్టి ముందు ఇది చూడండి. తల్లిపాలకు బదులుగా అమ్మే పాలపొడుల ప్రచారం మీద ప్రపంచ ఆరోగ్య సభ 1981లో ఒక అంతర్జాతీయ నియమావళి ఆమోదించింది. దాన్ని ఉల్లంఘించే కంపెనీల నుంచి కొనకూడదని, విరాళంగా కూడా తీసుకోకూడదని చాలా ఆరోగ్య సంస్థలు రాసుకుంటాయి. విపత్తు సమయంలో ఉచితంగా పంచే డబ్బాలు శుభ్రమైన నీరు లేని చోట పసిబిడ్డల ప్రాణం తీస్తాయి. పొగాకు, ఆయుధాల కంపెనీలతో లావాదేవీలు వద్దనడం కూడా మామూలే. ఉచితంగా వచ్చే సరుకు విషయంలో అందరూ మెత్తబడతారు. "ఊరికే ఇస్తున్నారు కదా, ప్రమాణాలు ఎందుకు" అని. కొన్నదానికి ఏ ప్రశ్నలు అడుగుతారో ఇచ్చినదానికీ అవే అడగండి. గడువు దగ్గరపడ్డ సరుకును మన గోడౌన్లో దించి, పారేసే ఖర్చు తప్పించుకునే దాతలు కూడా ఉంటారు. ట్రస్టీల బంధువుల దుకాణంలో కొనడం లాంటివి ఏటా రాతపూర్వకంగా వెల్లడించమనండి. మనం ఇంట్లో దాచుకుని సరఫరాదారుకు శ్రీరంగనీతులు చెప్తే ఏం బాగుంటుంది.

తప్పు బయటపడితే ఏం చేయాలో ముందే రాసుకోండి. మొదటి స్పందన "వెంటనే ఆర్డర్ రద్దు" అనే ఉంటుంది, చేతులు దులుపుకున్నట్టు హాయిగా ఉంటుంది. 1990ల మొదట్లో, బాల కార్మికులు తయారుచేసిన సరుకు దిగుమతిని ఆపేయాలని అమెరికాలో ఒక బిల్లు వచ్చింది. అది చట్టం కాకముందే, ఆ భయానికే బంగ్లాదేశ్ బట్టల ఫ్యాక్టరీలు వేలమంది పిల్లల్ని బయటికి పంపేశాయి. ఆ పిల్లలు బడికి వెళ్లలేదు. చాలామంది రాళ్లు కొట్టే పనికో ఇంకా అధ్వాన్నమైన చోట్లకో వెళ్లారని తర్వాత తేలింది. 1995లో అక్కడి బట్టల ఎగుమతిదారుల సంఘం, యూనిసెఫ్, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ఒప్పందం చేసుకున్నాయి: బడిలో చోటు, నెలనెలా కొంత భత్యం ఏర్పాటయ్యాకే పిల్లల్ని పనిలోంచి తీయాలని. మీకు ఎక్కడైనా ఒక పిల్లవాడు పనిలో కనిపిస్తే, ఆ క్రమాన్నే పాటించండి. ముందు ప్రమాదకరమైన పని ఆపించాలి. తర్వాత చదువుకు, ఇంట్లో ఆగిపోయే ఆదాయానికి ఏర్పాటు, అదీ యజమాని ఖర్చుతో. పిల్లల సంక్షేమం చూసే స్థానిక సంస్థకో అధికారులకో చెప్పాలి. యజమాని ఇవేవీ చేయనంటే, దాస్తుంటే, బెదిరిస్తుంటే అప్పుడు సంబంధం తెంచుకోండి.

ఇంతా చేసి మీ పత్రం మూడు పేజీలు దాటకూడదు. మొదటి పేజీలో కొనేవాళ్లుగా మీ మాటలు. రెండో పేజీలో సరఫరాదారు నుంచి కోరేవి, కచ్చితంగా ఉండాల్సినవి ఒకచోట, ఉంటే మంచివి ఇంకోచోట. మూడో పేజీలో ఏ మొత్తం పైబడితే ఏం తనిఖీ చేస్తారు, ఫిర్యాదు ఎవరికి చేయాలి, తప్పు దొరికితే ఏం చేస్తారు. ఫిర్యాదుకు ఇచ్చే ఫోన్ నంబరు కార్మికుల భాషలో యూనిట్ గోడ మీద కనిపించాలి. సరఫరాదారు మెయిల్‌బాక్సులో ఉంటే దాని వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. టెండర్ పోలికలో ఈ అంశాలకు నూటికి పదిహేనో ఇరవయ్యో మార్కులు ఇవ్వండి. మార్కులు లేనిదాన్ని ఎంపిక రోజున ఎవరూ పట్టించుకోరు. అత్యవసరంలో నిబంధనలు సడలించే అధికారం ఒకరికే ఇవ్వండి. సడలించిన ప్రతిసారీ కారణం రాసి, నెలలోగా ట్రస్టీల ముందు పెట్టాలి. విపత్తు పేరు చెప్పి ఏడాదంతా సడలింపులతో నడిచిన సంస్థను నేను దగ్గరగా చూశాను.

దాతకు ఈ వారమే జవాబు ఇవ్వాలన్నారు కాబట్టి, ఆ నలభై పేజీలు పంపకండి. ఒక ఉత్తరం రాయండి: మా ఖర్చులో ఇన్నింట ఇన్ని వంతులు ఈ ఐదు రకాల సరుకుల మీద, వాటిలో ఎక్కువ ప్రమాదం ఉన్నవి ఇవి, ఈ ఏడాది వీటిని ఇలా చూస్తున్నాం, ఇవి ఇంకా చూడలేదు, మా బిల్లులు సగటున ఇన్ని రోజుల్లో చెల్లిస్తున్నాం. ఆ చివరి సంఖ్య రాయడానికి సిగ్గేస్తే, ముందు అకౌంట్స్ వాళ్లతో కూర్చుని పెండింగ్ బిల్లులు క్లియర్ చేయండి. జాబితా తయారయ్యాక ఆ ఐదు పేర్లు ఇక్కడ పెడితే, ఒక్కోదానికి ఏ ప్రశ్నలు అడగాలో చెప్తాను.